‘ఆడ నిలవడుర్రి’: పద్దెనిమిది మంది పిల్లలతో రాయదుర్గం మెట్రో

శనివారం ఉదయం 9:47కి రాయదుర్గం మెట్రో ప్లాట్‌ఫాం మీద పిల్లల్ని లెక్కపెడితే పదిహేడు మంది ఉన్నారు. తొమ్మిది నిమిషాల ముందు, కింద టికెట్ గేట్ల దగ్గర, పద్దెనిమిది మంది. ఈ రెండు లెక్కల మధ్య ఒక రైలు వెళ్లిపోయింది.

అసలు అంతమంది చిన్నపిల్లల్ని వేసుకుని మెట్రో ఎందుకు ఎక్కామో ముందు చెప్పాలి. తెల్లాపూర్‌లో మేముండే గేటెడ్ కమ్యూనిటీలో స్కౌట్స్ చిన్నపిల్లల విభాగం ఒకటి నడుస్తోంది. ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు. మగపిల్లలు కబ్స్, ఆడపిల్లలు బుల్‌బుల్స్. ఆరుగురికి ఒక జట్టు చొప్పున మూడు జట్లు, మెడలో నారింజ, ఆకుపచ్చ, నీలం స్కార్ఫులు. ఇంతకుముందు నడిపినాయన ఉద్యోగం మారి ఊరు వదిలి వెళ్తూ, కమ్యూనిటీ గ్రూపులో ఎవరైనా ముందుకు రమ్మని అడిగారు. ఇరవై రెండేళ్లుగా రిపోర్టర్‌గా పనిచేస్తున్నాను, ప్రశ్నలు అడగడం వచ్చు, పిల్లల్ని ఆడించడం రాదు. అయినా ఒప్పుకున్నాను. మొదటి ఆదివారమే నాకు తెలిసిన పని చేశాను. ప్రశ్న అడిగాను: “మీలో నడిచి రోడ్డు దాటినవాళ్లు ఎంతమంది?”

మూడు చేతులు లేచాయి. ఆరేళ్ల జోయెల్‌ది నాలుగోది.

“నువ్వెప్పుడు దాటావురా?”

“రోజూ దాటతా సార్. కార్లో.”

అందరూ నవ్వారు. నేను మాత్రం పుస్తకంలో మూడు అని రాసుకున్నాను. ఆ రోజే కార్యక్రమం ఖాయమైంది. ముడులు వేయడం, రంగు కాగితాలు కత్తిరించడం క్లబ్ హౌస్‌లో ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఒక్కరోజు మాత్రం ఈ పిల్లలు తమ టికెట్ తామే కొనాలి, స్టేషన్‌లో బోర్డులు తెలుగులో చదవాలి, ఒక రోడ్డు తమ కాళ్ల మీద దాటాలి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, రెండో స్టేషన్ దుర్గం చెరువులో దిగి, చెరువు గట్టు దాకా నడిచి, తిని, ఆడుకుని, ఒంటిగంటకల్లా తిరిగి వ్యాన్ ఎక్కడం. ప్రణాళిక ఇంతే.

అసోసియేషన్ కమిటీ అనుమతి ఇచ్చింది కానీ షరతు పెట్టింది. ఈ ఒక్క ట్రిప్పు చూస్తామన్నారు, అయ్యాక రిపోర్టు ఇమ్మన్నారు. ఏ ఇబ్బందీ లేకుండా తిరిగొస్తే ఏడాది పొడవునా నెలకొకటి చేసుకోవచ్చు. ఏదైనా జరిగితే పిల్లల్ని గేటు దాటించే కార్యక్రమాలు ఇక ఉండవు. సమావేశాల మినిట్స్ పుస్తకంలో రాసి నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు.

రోజు ఎంచుకోవడమే పెద్ద పనైంది. ఐటీ కారిడార్‌లో రోడ్లు ఖాళీగా ఉండేది ఆదివారం. కానీ ఆదివారం ఉదయం నాలుగు కుటుంబాలు చర్చికి వెళ్తాయి. నాతో పాటు పిల్లల్ని చూసుకునే గ్రేస్ గారూ వెళ్తారు. ఆవిడ గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రిలో నర్సు, పిల్లలకు గ్రేస్ సిస్టర్. నర్సు లేకుండా ట్రిప్పు వద్దనుకుని శనివారానికి మార్చాం. మూడో పెద్దమనిషి నర్సింలు గారు. సంగారెడ్డి వైపు ఆయన, స్కూల్లో పీఈటీ. ఆయన విజిల్ ఊదితే పిల్లలే కాదు, క్లబ్ హౌస్‌లో నడకకొచ్చిన పెద్దలు కూడా ఆగిపోతారు. జట్టుకొక పెద్ద: నారింజ నర్సింలు గారికి, ఆకుపచ్చ గ్రేస్ గారికి, నీలం నాకు.

8:20కి తెల్లాపూర్‌లో వ్యాన్ కదిలింది. ఇరవై ఆరు సీట్ల వ్యాన్, సగం రోజుకు కిరాయి మూడున్నర వేలు. నల్లగండ్ల, గచ్చిబౌలి మీదుగా రాయదుర్గం చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. మామూలు పనిరోజు ఇదే దారికి గంటంబావు వేసుకోండి. డ్రైవర్ ఖాజా భాయ్ అద్దంలో పిల్లల్ని చూస్తూ అడిగాడు.

“సార్, చెరువుకే గద పోయేది? వ్యాన్‌ల నేనే దించేస్త. మధ్యల ఈ మెట్రో ఎందుకు, పరేషాన్?”

“చెరువు చూడటానికి కాదు భాయ్. వెళ్లడం నేర్చుకోవడానికి.”

“వెళ్లుడు గూడ నేర్పాల్నా ఇప్పుడు!” అన్నాడు. గేరు మారుస్తూ, “నా బిడ్డకు గూడ ఎన్మిదేండ్లు. ఎన్నడు బస్సెక్కలే,” అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

తొమ్మిదింటికి స్టేషన్ మెట్లు ఎక్కాం. టికెట్ ఇరవై రూపాయల లోపే. మూడడుగుల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు కానీ మా వాళ్లందరూ ఆ ఎత్తు దాటినవాళ్లే. పిల్లలందరూ జేబులో తలా ఒక ఇరవై నోటు పెట్టుకుని వరసలో నిలబడ్డారు. కౌంటర్‌లో అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది.

“సార్, మొత్తం కలిపి నేను ఒక్కసారే కొట్టిస్త. ఇట్లయితే అర్ధగంట పడ్తది.”

“పట్టనివ్వండమ్మా. వాళ్లే అడగాలి, వాళ్లే చిల్లర తీసుకోవాలి.”

“మీ ఇష్టం. ఎనక మంది తిడితే మాత్రం మీరే పడాలె.”

వెనకవాళ్లను పక్క కౌంటర్‌కు పంపారు, ఎవరూ తిట్టలేదు. పద్దెనిమిది టికెట్లకు ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. జోయెల్ ఒక్కడే చిల్లర తీసుకోకుండా వచ్చేసి, గుర్తొచ్చి, వెనక్కి పరిగెత్తి, మళ్లీ వరస చివర నిలబడ్డాడు. గేట్లు దాటాక 9:38కి లెక్క పెట్టాం. పద్దెనిమిది.

ప్లాట్‌ఫాం ఇంకో అంతస్తు పైన. నర్సింలు గారు నారింజ జట్టును ముందు ఎక్కించారు. పైకి వెళ్లాక చేత్తో ఒక స్తంభం వైపు చూపించి, “ఆడ నిలవడుర్రి, నేనొచ్చేదాక కదలొద్దు,” అని చెప్పి, మెట్ల మీద ఆగిపోయిన ఆకుపచ్చ జట్టు కోసం కిందికి దిగారు. ఎస్కలేటర్ అంటే భయపడి ఇద్దరు ఏడుస్తున్నారు. ఒకరిని గ్రేస్ గారు, ఒకరిని ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించారు. మా నీలం జట్టు అందరికంటే చివర. మేం పైకి వచ్చేసరికి రైలు తలుపులు మూసుకుని బయల్దేరుతోంది. రాయదుర్గం మొదటి స్టేషన్, ఇక్కడ రైలు తలుపులు తెరుచుకుని కాసేపు ఆగే ఉంటుంది. ఎవరైనా తీరిగ్గా ఎక్కి కూర్చోవచ్చు. ఏడేళ్ల పిల్ల కూడా.

లేనిది సాహితి. నారింజ జట్టు. వాళ్ల కుటుంబం కాకినాడ నుంచి వచ్చి మూడు నెలలైంది. స్తంభం దగ్గర ఐదుగురే ఉన్నారు. ఆరో పిల్ల ఎప్పుడు పక్కకు వెళ్లిందో ఆ ఐదుగురిలో ఎవరూ చూడలేదు.

గట్టిగా పిలవాలనిపించింది. పిలిస్తే మిగతా పదిహేడు మంది చెదిరిపోతారు. నర్సింలు గారిని పిల్లలందరినీ గోడవారన కూర్చోబెట్టి అక్కడి నుంచి కదలవద్దన్నాను. గ్రేస్ గారు మెట్లూ లిఫ్టూ చూడటానికి వెళ్లారు. నేను దగ్గర్లో ఉన్న సెక్యూరిటీ గార్డు దగ్గరికి వెళ్లి నాలుగు విషయాలు చెప్పాను: ఏడేళ్లు, రెండు జడలు, నారింజ స్కార్ఫ్, చివరిసారి చూసింది 9:41. ఆయన వాకీటాకీలో తర్వాతి స్టేషన్‌కు చెప్పాడు, రైలు హైటెక్ సిటీ చేరగానే తలుపుల దగ్గర చూడమని. 9:50కి అక్కడి నుంచి జవాబొచ్చింది. దిగినవాళ్లలో పిల్ల లేదు, బోగీలు చూస్తున్నారు. గ్రేస్ గారు పైకి వచ్చి తల అడ్డంగా ఊపారు. నర్సింలు గారు లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ లేచారు.

9:53కి వాకీటాకీలో ఒక మహిళ గొంతు వినిపించింది. “పిల్ల ఈడనే ఉన్నది అన్నా. లేడీస్ కాడ. నిలవడ్డది బొమ్మ లెక్క.”

ప్లాట్‌ఫాం చివర, మహిళల బోగీ ఆగే చోట, గులాబీ రంగు బోర్డు కింద ఉంది సాహితి. చేతులు వెనక్కి కట్టుకుని, మేం నేర్పిన ‘విశ్రామ్’ భంగిమలో. మధ్యలో లిఫ్టు గది అడ్డు, చుట్టూ రైలు కోసం నిలబడ్డ ఆడవాళ్లు. అందుకే మాకు కనిపించలేదు. పక్కనున్న ఉద్యోగిని ఒకావిడ చాక్లెట్ ఇవ్వబోతే తీసుకోలేదట. ఎక్కడికి వెళ్లాలని అడిగితే, సారు వచ్చేదాకా కదలకూడదని చెప్పిందట.

“ఇక్కడికెందుకొచ్చావమ్మా?” అన్నాను.

“సార్ ఆడ నిలబడమన్నారు కదండీ.” బోర్డు వైపు వేలు చూపించింది. “మహిళలు మాత్రమే. నేను చదివేను. మహిళలంటే ఆడాళ్లే కదండీ?”

“అవును.”

“మరి మిగతా ఆడపిల్లలెవరూ రాలేదండీ. అబ్బాయిల దగ్గరే ఉండిపోయేరు. నేనొక్కదాన్నే మాట విన్నాను.”

ఫిర్యాదు చేసే హక్కు పూర్తిగా ఆ అమ్మాయిదే. సంగారెడ్డిలో ‘ఆడ’ అంటే అక్కడ. కాకినాడలో ‘ఆడ’ అంటే ఆడవాళ్లు. తెలుగు బోర్డులు చదవమన్నది నేను. కదలొద్దన్నది నర్సింలు గారు. రెండూ ఆ పిల్ల అక్షరాలా పాటించింది. పొరపాటు చేసినవాళ్లం మేం: ఏడేళ్ల పిల్లను పెద్దవాళ్లెవరూ లేకుండా పై అంతస్తులో రెండు నిమిషాలైనా వదలడం, మెట్లు ఎక్కగానే లెక్క పెట్టకపోవడం.

నర్సింలు గారికి చెప్పాను. ఆయన ముందు నవ్వబోయారు, నవ్వు రాలేదు. “చేత్తోటి చూపిచ్చిన గద సార్,” అన్నారు. వెంటనే తనే, “చెయ్యి చూసినోళ్లు ఐదుగురు. మాట ఇన్నది గామె ఒక్కతి,” అన్నారు.

9:57కి సాహితి వాళ్లమ్మ లలిత గారికి ఫోన్ చేశాను. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తారు. జరిగింది ఏదీ తగ్గించకుండా, సమయాలతో సహా చెప్పాను.

“ఇప్పుడు మీ పక్కనే ఉందా అండి?”

“చెయ్యి పట్టుకున్నాను.”

“ఫోనివ్వండి దానికి.”

సాహితి ఫోన్ తీసుకుంది. అటు మాటలు వినపడలేదు. ఇటువి మాత్రం విన్నాను. “ఊఁ... లేదమ్మా... ఏడవలేదు... ఇంటికొద్దు, నేనింకా రోడ్డు దాటలేదు.” ఫోన్ నాకిచ్చింది.

“తీసుకెళ్లండి,” అన్నారు లలిత గారు. గొంతు గట్టిగానే ఉంది. “తిరిగొచ్చేక మాట్లాడదాం. ఆ సారుకి మాత్రం చెప్పండి, మా పిల్లకి ‘అక్కడ’ అంటే అర్థమవుతుందని.”

పన్నెండు నిమిషాలు ఆలస్యంగా రైలెక్కాం. రెండు స్టేషన్లు, నాలుగైదు నిమిషాల ప్రయాణం. కిటికీలోంచి అద్దాల భవనాలు చూస్తూ పిల్లలు తమ అమ్మానాన్నల ఆఫీసుల్ని గుర్తుపట్టే పోటీ పెట్టుకున్నారు. దిగగానే లెక్క, మెట్లకు ముందు లెక్క, మెట్ల తర్వాత లెక్క. మూడుసార్లూ పద్దెనిమిది.

దుర్గం చెరువు స్టేషన్ నుంచి గట్టు దాకా పెద్దవాళ్లకు ఇరవై నిమిషాల నడక. పిల్లలతో నలభై ఐదు అనుకోండి. ఫుట్‌పాత్ కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల బైకులు ఆగి ఉన్నాయి. రోడ్డు దాటడానికి సిగ్నల్, జీబ్రా గీతలు రెండూ ఉన్న మలుపును వారం ముందే చూసి పెట్టుకున్నాను. ఒకసారి పచ్చబొమ్మ వెలిగితే ఒక జట్టే దాటాలి. అటు గ్రేస్ గారు, ఇటు నర్సింలు గారు, మధ్యలో నేను. 10:36కి మొదలుపెట్టి 10:44కి ముగించాం. నారింజ జట్టు చివర దాటింది. అటు చేరాక సాహితి వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసి, “అయిపోయిందా? ఇంతేనా?” అంది. జోయెల్ మాత్రం తాను కారు లేకుండా దాటినట్టు పుస్తకంలో రాసుకోమని నన్ను అడిగాడు. మూడు కొట్టేసి పద్దెనిమిది అని రాశాను.

గట్టు మీద చాప పరిచి డబ్బాలు తెరిచాం. పులిహోర, ఇడ్లీ, ఒకరింట్లోంచి కేకు. నర్సింలు గారు తినలేదు. కాస్త దూరంగా బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడే నాతో ఒక మాటన్నారు.

“సార్, ఆరు నిమిషాలే గద. పిల్ల దొరికె, తల్లి ఒప్పుకునె. కమిటీ రిపోర్టుల గది రాయకుంటె ఏమైతది? రాస్తె మాత్రం పిల్లలకే లాస్. మళ్ల గేటు దాటనియ్యరు.”

ఆయన తన గురించి భయపడి అడగలేదు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. “రాయకపోతే వచ్చే నెల మళ్లీ మీరు ‘ఆడ’ అంటారు, నేను మళ్లీ ఆలస్యంగా లెక్కపెడతాను,” అన్నాను. ఆయన తలూపారు. ఒప్పుకున్నట్టా కాదా తెలియలేదు.

ఈలోగా సాహితి మూతలో పులిహోర వేసుకుని ఆయన ముందుకొచ్చింది.

“తినండి సార్. మీరేం తప్పు చెయ్యలేదు. మీకు తెలుగు సరిగ్గా రాదంతే.”

గ్రేస్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నర్సింలు గారు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు.

“నాకు తెలుగు రాదా బిడ్డా? మా ఊర్ల ఆడ అంటె అక్కడనే.”

“మా ఊళ్లో ఆడ అంటే ఆడాళ్లండి.”

“మరిప్పుడెట్ల? ఎవల ఊరి మాట నడవాలె?”

సాహితి ఆలోచించింది. “ఎక్కడ అని అడుగుతాం. మీరు ఆ చోటుని ముట్టుకుని చూపించండి.”

“ఎక్కడ అని గాదు, ఏడ అని అడుగుర్రి. గప్పుడు నాకు అర్థమైతది.”

అప్పటికప్పుడు అది ఆటైపోయింది. నర్సింలు గారు “ఆడ!” అని అరవాలి, పిల్లలంతా “ఏడ సార్?” అని అరవాలి. ఆయన పరిగెత్తి చెట్టునో, బెంచీనో, చెత్తబుట్టనో ముట్టుకోవాలి. ముట్టుకున్నాకే పిల్లలు కదలాలి. ముట్టుకోకముందే కదిలినవాళ్లు అవుట్. నేను వారం రోజులు కూర్చుని రాసుకున్న మూడు ఆటలు సంచీలోంచి బయటికి రాలేదు. ఇరవై నిమిషాలకు నర్సింలు గారు ఆయాసపడుతూ కూర్చుని మిగిలిన పులిహోర అడిగారు.

తిరుగు ప్రయాణంలో రాయదుర్గంలో దిగగానే ఆయన అలవాటుగా, “పోయి ఆడ నిలవడుర్రి,” అన్నారు. పద్దెనిమిది గొంతులు ఒక్కసారి “ఏడ సార్?” అన్నాయి. ప్లాట్‌ఫాం మీద జనం తిరిగి చూశారు. పొద్దున వాకీటాకీలో మాట్లాడిన సెక్యూరిటీ ఆవిడ కూడా. నర్సింలు గారు వెళ్లి స్తంభం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. పద్దెనిమిది మందీ ఆ స్తంభం దగ్గరే నిలబడ్డారు. 12:50కి వ్యాన్‌లో లెక్క పెట్టాం. 1:35కి తెల్లాపూర్ గేటు దాటాం. లలిత గారు గేటు దగ్గరే ఉన్నారు. కూతుర్ని దించుకుని, నన్ను రెండు ప్రశ్నలు అడిగారు: గార్డుకు ఎన్ని గంటలకు చెప్పారు, నాకు ఎన్ని గంటలకు ఫోన్ చేశారు. సమయాలు చెప్పాను. సరేనండి అని వెళ్లిపోయారు.

ఇన్నేళ్లు వార్తలు రాశాను. ఒక్క మాటకు రెండు అర్థాలుంటే వార్త ఎలా తప్పుతుందో తెలుసు. ఒక్క మాటకు రెండు ఊళ్లుంటే పిల్ల ఎలా తప్పిపోతుందో ఇప్పుడే తెలిసింది. ఈ కారిడార్‌లో ఒకే జట్టులో ఆరు జిల్లాల పిల్లలుంటారు. అందరిదీ తెలుగే అనుకుని మేం ఊరుకున్నాం. దారులు, సమయాలు, చిల్లర, నీళ్లు అన్నీ ముందే చూసుకున్నాను. పిల్లలకు ఇవ్వబోయే నాలుగు ఆజ్ఞల్ని మాత్రం ఒక్కసారి కూడా వాళ్ల ముందు పలికి చూడలేదు. మీరు ఇలాంటి ట్రిప్పు వేస్తుంటే నా నుంచి ఈ సలహా తీసుకోండి. బయల్దేరే ముందు రోజు, ఆగు, రా, నిలబడు, అక్కడ అనే మాటల్ని మీ పెద్దవాళ్ల నోటితోనే పలికించి, ఏం అర్థమైందో పిల్లల్ని చేసి చూపించమనండి. మాటతో పాటు వస్తువును ముట్టుకుని చూపించండి. ప్రతి మెట్ల వరసకూ కింద ఒకసారి, పైన ఒకసారి లెక్కపెట్టండి.

రిపోర్టు నాలుగు పేజీలు వచ్చింది. మొదటి వాక్యం 9:47తో మొదలవుతుంది. రాత ప్రతి మీద నర్సింలు గారు కూడా సంతకం పెట్టారు, నేను అడగలేదు. కమిటీ సమావేశం ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి, క్లబ్ హౌస్ మొదటి అంతస్తులో. మా విషయం చర్చాంశాల్లో మూడోది. మాట్లాడటానికి ముగ్గురు పేర్లిచ్చారు: నేను, నర్సింలు గారు, లలిత గారు. ఆవిడ ఏ పక్క మాట్లాడతారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సాహితిని కూడా తీసుకొస్తానని, పిల్లకు ఎక్కడ నిలబడాలో ముందే చూపించి ఉంచమని మాత్రం నర్సింలు గారికి కబురు పంపారు.